బావిలో మోటార్ తీసే పని ఇకనుంచి ఇలా ఉంటుంది

కర్నూలులో మా రివైండింగ్ షాపుకు వచ్చే రైతులకు, తోటల వాళ్లకు, అందరికీ నమస్కారం.

పోయిన నెల పది రోజులు మా షట్టర్ మూసే ఉంది. ఫోన్లు కూడా సరిగా ఎత్తలేదు. తుంగభద్ర ఒడ్డున మోటార్లు పెట్టుకున్న ముగ్గురు నలుగురు నా మీద కోపంగా ఉన్నారని తెలుసు. ఆ కోపం న్యాయమే. పైరు మీద ఉన్నప్పుడు మోటార్ నీళ్లలో పడిపోతే ఒక్కరోజు ఆగడం కూడా కష్టం. ముందే చెప్పి వెళ్లాల్సింది, చెప్పలేదు. క్షమించండి.

నేను వెళ్లింది పాండిచ్చేరికి. స్కూబా డైవింగ్ అంటే గాలి సిలిండర్ వీపున కట్టుకుని నీళ్లలో దిగడం. అందులో టెక్నికల్ అనే పై స్థాయికి మొదటి మెట్టు కోర్సు ఒకటి ఉంది, ఇంట్రో టు టెక్ అంటారు. అది నేర్చుకోవడానికి వెళ్లాను. మోటార్లు బాగుచేసేవాడికి ఇదెందుకని చాలామంది అడిగారు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని ఒక సంగతి ముందు చెప్పాలి.

మా నాయన మీలో పాతవాళ్లకు తెలుసు. దమ్ము పట్టి బావిలో మునిగి, మోటార్‌కు తాడు కట్టి పైకి వచ్చేవాడు. నేను 2019లో మామూలు స్కూబా కోర్సు చేసి, ఒక సిలిండర్ కొనుక్కుని అదే పని మొదలుపెట్టాను. రెండేళ్ల కింద వెల్దుర్తి వైపు ఒక బావిలో దిగాను. తొమ్మిది మీటర్ల నీళ్లు. మోటార్ సగం పూడికలో కూరుకుపోయి ఉంది. దాని చుట్టూ తాడు తిప్పుతూ కాళ్లు ఆడించేసరికి పూడికంతా లేచింది. టార్చ్‌ని అద్దానికి ఆనించి పట్టుకున్నా ఎర్రటి మసక తప్ప ఏమీ లేదు, గేజ్‌లో ముల్లు కూడా కనపడలేదు. వెనక్కి జరుగుదామంటే పాత కేబుల్ ఒకటి సిలిండర్ వాల్వ్‌కు చుట్టుకుంది. చేత్తో తడుముకుంటూ విప్పుకుని పైకి వచ్చి చూస్తే సిలిండర్‌లో మిగిలింది 20 బార్. బార్ అంటే గాలి ఒత్తిడి కొలత, నిండుగా ఉంటే 200. గట్టు మీద రైతు, మా మేనల్లుడు తాడు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. కింద ఏం జరిగిందో వాళ్లకు తెలిసే దారే లేదు. డబ్బులు తీసుకుని ఇంటికొచ్చాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత కూడా అలాగే ఒంటరిగా పదిహేను ఇరవై బావులు దిగాను. అది తప్పు.

పాండిచ్చేరిలో మొదటి రోజు సాయంత్రం మా గురువు నీళ్లలో తీసిన వీడియో చూపించారు. సాఫీగానే ఈదుతున్నానని అనుకున్నాను. వీడియోలో నా తల పైకి, కాళ్లు కిందికి ఉన్నాయి. కాళ్లకు తొడుక్కునే ఫిన్ ఆడించిన ప్రతిసారీ అడుగున ఇసుక పొగలాగా లేస్తోంది. వెల్దుర్తి బావిలో నీళ్లు ఎందుకు మసకబారాయో అప్పుడు అర్థమైంది. నేలకు సమాంతరంగా బోర్లా తేలుతూ, మోకాళ్లు మడిచి, కప్ప ఈతలో వెనక్కి మాత్రమే తన్నాలి. అప్పుడు నీటి తోపుడు అడుగుకు తగలదు. వినడానికి చిన్న విషయం. మూడు రోజులు అదే పని చేసినా నాకు పూర్తిగా రాలేదు.

బరువు విషయం ఇంకొకటి. ఉప్పు నీళ్లు మంచినీళ్ల కంటే సుమారు రెండున్నర శాతం బరువు. మనిషీ సామానూ కలిసి 100 కిలోలనుకుంటే, మునగడానికి సముద్రంలో ఒంటికి కట్టుకునే సీసం కంటే మన బావుల్లో రెండున్నర కిలోలు తక్కువ కట్టుకోవాలి. ఇన్నేళ్లూ నేను సముద్రంలో నేర్చుకున్న లెక్కే ఇక్కడ కట్టుకుని, పూడికలోకి దిగబడుతూ పనిచేశాను.

ఈ కోర్సులో వీపున ఒకటికి రెండు సిలిండర్లు ఉంటాయి, రెంటినీ కలుపుతూ పైన మూడు వాల్వులు. ఒకవైపు గాలి లీకైతే తల వెనక్కి చెయ్యి పెట్టి, చూడకుండా, సరైన వాల్వ్ కట్టేయాలి. తోడుగా ఉన్నవాడికి గాలి అయిపోతే మనం నోట్లో పెట్టుకుని గాలి పీలుస్తున్న సాధనమే తీసి ఇస్తాం, ఎందుకంటే అది పనిచేస్తోందని ఖాయంగా తెలుసు. దాని గొట్టం రెండు మీటర్ల పొడవుంటుంది, ఇరుకులో ఒకరి వెనక ఒకరు బయటికి రావచ్చు. మనకు రెండోది మెడ కింద రబ్బరు తాడుకు వేలాడుతూ ఉంటుంది. మొదటిసారి నోట్లోది తీసి ఎదుటివాడికి ఇచ్చినప్పుడు, వెల్దుర్తి బావిలో నాకు ఇవ్వడానికి ఎవరున్నారు అన్న ఆలోచన ఒక్కటే మెదిలింది.

ఇప్పుడు లెక్క చెబుతాను. మీరు ఇచ్చే కూలీ దీని మీదే ఆధారపడి ఉంటుంది. గట్టిగా ఈదితే నేను పైన నిమిషానికి 24 లీటర్ల గాలి పీలుస్తానని అక్కడ కొలిచారు. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు, అంటే 48 లీటర్లు. నా సిలిండర్ 11 లీటర్లది, 200 బార్ నింపితే 2,200 లీటర్లు. మునుపు 50 బార్ మిగిలేదాకా పనిచేసేవాణ్ణి, దాదాపు 35 నిమిషాలు. టెక్నికల్ పద్ధతిలో మూడో వంతు వాడగానే తిరిగి రావాలి. మిగతా రెండు వంతుల్లో ఒకటి తిరిగి రావడానికి, ఇంకొకటి ఏదైనా జరిగితే ఇద్దరికీ. ఆ లెక్కన కింద పని 15 నిమిషాలే. ఒక్కసారి దిగి అయిపోయే పనికి ఇక రెండుసార్లు, మూడుసార్లు దిగాలి. మనుషులు ఇద్దరు కావాలి. అందుకే ఇప్పటిదాకా 3,000 తీసుకున్న పనికి ఇక 5,500 అవుతుంది. భారమని తెలుసు. తగ్గించాలంటే ఆ మిగిలిన గాలిలోంచే తగ్గించాలి, అది నేను చెయ్యను.

సర్టిఫికెట్ మాత్రం నాకు రాలేదు. వాల్వ్ కట్టేటప్పుడు ఆరు మీటర్ల దగ్గర నిలకడగా ఉండాల్సింది, మూడు మీటర్లకు తేలిపోయాను. మళ్లీ వచ్చి చూపించమన్నారు. మా గురువు ఇవ్వకపోవడమే సరైంది. రోజూ పొద్దున స్విమ్మింగ్ పూల్‌లో సాధన చేస్తున్నాను. ఇంకో మాట, వచ్చినా అది సరదా డైవింగ్‌లో పై మెట్టే గానీ నీటిలో కూలి పనికి లైసెన్సు కాదు. ఆ పనికి వేరే శిక్షణ, పైనుంచి గొట్టంతో గాలి, మాట్లాడే లైను ఉంటాయి. అందుకే లిఫ్ట్ స్కీముల పంపుహౌస్‌లు, కాలువ తూముల దగ్గర పని ఎవరు పిలిచినా ఒప్పుకోను. తూము దగ్గర నీటి లాగుడుకు మనిషి అతుక్కుపోతే ఎంత ఈత వచ్చినా బయటికి రాలేడు. అపార్ట్‌మెంట్ల మూసిన సంపుల్లోకీ దిగను.

మేనల్లుడు మొదటి కోర్సు పూర్తి చేసేదాకా నేను బావుల్లో దిగడం లేదు. అప్పటిదాకా పాతాళగరిగెతో, చైన్ బ్లాక్‌తో గట్టు మీదనుంచి వచ్చే మోటార్లే తీస్తాం. తర్వాత దిగినా, మీ దగ్గర నాకు రెండు కావాలి. ఒకటి, ఆ బావిలో ఉన్న మోటార్లన్నిటి ఫ్యూజులు పీకి మా వాడి జేబులో పెట్టాలి, స్టార్టర్ ఆపితే చాలదు. రెండు, చాన్నాళ్లు మూసి ఉన్న బావైతే ముందే చెప్పండి. దీపం దించితే ఆక్సిజన్ తక్కువైతే ఆరిపోతుంది గానీ విషవాయువు ఉంటే చెప్పదు. అందుకే గ్యాస్ మీటర్ ఒకటి కొన్నాను, అది పెట్టి చూసేదాకా బావిలోకి ఎవరూ తల వంచొద్దు.

డైవింగ్ పనికి అడ్వాన్స్ ఇచ్చిన ఐదుగురికి డబ్బులు విడిగా కవర్లలో పెట్టి, పేర్లు రాసి కౌంటర్‌లో ఉంచాను. రివైండింగ్ మామూలుగానే జరుగుతోంది, పొద్దున తొమ్మిదికి షాపు తీస్తున్నాం.