వృద్ధి కారకం కనిపించిన గడ్డలన్నీ క్యాన్సర్లు కావు

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ గురించిన వ్యాసాల్లో కణాల పెరుగుదలను నియంత్రించే ప్రోటీన్లైన వృద్ధి కారకాల (గ్రోత్ ఫ్యాక్టర్ల) జన్యువులను 'క్యాన్సర్ జన్యువులు' అని ఒక్క మాటలో తేల్చేయడం తరచూ కనిపిస్తోంది. బయాప్సీ ఫలితం కోసం ఎదురుచూస్తున్న స్త్రీని ఆ మాట ఎంత బెంబేలెత్తిస్తుందో పాథాలజిస్టుగా నాకు తెలుసు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

యుక్తవయసులో రొమ్ము ఎదగడానికీ, గర్భిణి శరీరంలో పాలగ్రంథులు విస్తరించడానికీ ఈ కారకాలు కావాలి. స్టాన్లీ కోహెన్, రీటా లెవీ మోంటాల్చినీలకు 1986లో నోబెల్ బహుమతి లభించింది ఇటువంటి సహజ పదార్థాలను కనుగొన్నందుకే. ఫైబ్రోఅడినోమా వంటి, క్యాన్సర్ కాని గడ్డల్లోనూ ఈ జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి. పైగా ఒకే కారకం అన్నిచోట్లా ఒకేలా ప్రవర్తించదు: ట్రాన్స్‌ఫార్మింగ్ గ్రోత్ ఫ్యాక్టర్ బీటా మామూలు కణాల విభజనకు కళ్లెం వేస్తుంది, ముదిరిన క్యాన్సర్‌లో మాత్రం వ్యాప్తికి తోడ్పడుతుంది. గడ్డ మొత్తాన్ని నూరి, జన్యువు ఎంత చురుగ్గా ఉందో తెలిపే ఆర్‌ఎన్‌ఏ కొలిస్తే గ్రంథి కణాలదీ, వాటి చుట్టూ ఉన్న సంధాన కణజాలానిదీ కలిసిపోయిన సగటే చేతికొస్తుంది కాబట్టి, ఏ కణం ఎంత తయారుచేస్తోందో చూడకుండా ఆ అంకెకు అర్థం చెప్పడం కష్టం.

మోతాదు ఎంత ముఖ్యమో హెర్-2 చూపిస్తుంది. వృద్ధి సంకేతాలను కణంలోకి చేరవేసే గ్రాహకాల కుటుంబానికి చెందిన దీని జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆరోగ్యకరమైన కణంలో రెండు ప్రతులుంటాయి. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతంలో ఆ ప్రతులు అనేక రెట్లు పెరిగిపోతాయి. అప్పుడు హెర్-2 ప్రోటీన్‌ను చూపే రంగు వేసిన స్లైడు మీద కణం చుట్టూ ముదురు గోధుమరంగు వలయం తెగకుండా కనిపిస్తుంది, దాన్నే 3+ అంటాం. వలయం పలచగా ఉండి 2+ అని నివేదిక వస్తే ఫిష్ (FISH) అనే పరీక్షలో జన్యు ప్రతులను లెక్కించాకే చికిత్స నిర్ణయించాలి; 1998లో అమెరికాలో అనుమతి పొందిన, హెర్-2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ వంటి మందు ఎవరికి పనికొస్తుందన్నది ఈ లెక్క మీదే ఆధారపడింది. శస్త్రచికిత్సలో తీసిన ముక్కను గంటలోపు, కణజాలాన్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేయకపోతే ఈ పరీక్షలన్నీ దెబ్బతింటాయి, ఆ ఆలస్యం ఇప్పటికీ జరుగుతుండటం బాధాకరం.

కొత్త పరిశోధన గురించి ప్రచురించేటప్పుడు, ఆ జన్యువును క్యాన్సర్ కాని గడ్డల్లో, ఆరోగ్యకరమైన కణజాలంలో కూడా కొలిచారా, తేడా ఎంత వచ్చింది అన్న రెండు విషయాలనైనా తప్పక చేర్చవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాథాలజిస్టు