ముత్తాత ఇంటి హద్దులు

చి. పెద్దపాపకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎప్పటిలాగే ఉంది, మందులు మాత్రం మానేసింది. నువ్వే ఒకసారి గట్టిగా చెప్పు, నా మాట వినదు.

ఆదివారం నువ్వు ఫోన్‌లో అడిగింది రెండు మాటల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నా. ముత్తాత ఇల్లున్న బావి సందు మ్యాపులో ఎంత వెతికినా దొరకలేదన్నావు. ఎలా దొరుకుతుంది? అది మున్సిపాలిటీ పెట్టిన పేరు కాదు, దానికి బోర్డూ లేదు. మా అవ్వా, ఆ నాలుగిళ్ళ వాళ్ళూ నోటితో పిలుచుకున్న పేరది. బావి పూడ్చేశాక ఆ పేరు పలికేవాళ్ళూ లేకపోయారు. తిరుపతిలో కర్నాల వీధి, బేరి వీధి, బండ్ల వీధి, తీర్థకట్ట వీధి అంటే ఇప్పటికీ ఎవరైనా దారి చూపిస్తారు. ఇలాంటి చిన్న సందుల గతే వేరు. కొన్ని పక్క వీధిలో కలిసిపోయాయి, కొన్నిటికి నాయకుల పేర్లొచ్చాయి. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, ప్రకాశం రోడ్డు అని నీకు తెలిసిన పేర్ల కోసం మీ ముత్తాత కాలం నాటి పత్రంలో వెతికితే కాలం వృథా.

అందుకే చెబుతున్నా, వీధి పేరు వదిలెయ్, హద్దులు పట్టుకో. ఇన్నేళ్ళు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి, నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

మన దగ్గరున్న కొనుగోలు పత్రం ఫోటోలు పంపాను కదా, వాటిలో షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు రాసిన భాగం, ఉన్న పేజీ తియ్యి. పైన ‘చిత్తూరు జిల్లా, చంద్రగిరి తాలూకా, తిరుపతి’ అని ఉంటుంది. 1911కు ముందు రాసినదైతే ఉత్తర ఆర్కాటు జిల్లా అని ఉండేది, 2022 తర్వాత రాస్తే తిరుపతి జిల్లా అని రాయాలి. ఇల్లు ఎక్కడికీ కదల్లేదు, దాని మీది పేర్లే మారుతూ వచ్చాయి. సంవత్సరం రక్తాక్షి అని వేశారు. అది 1924-25. అరవై ఏళ్ళకు 1984-85లో మళ్ళీ రక్తాక్షే వచ్చింది కాబట్టి, సంవత్సరం పేరు ఒక్కటే చూసి ఏ పత్రాన్నీ నమ్మకు. ధర రూపాయలు అణాల్లో ఉందా, ముత్తాత పేరు పక్కన జీవనం ఏమని రాశారు, అదీ చూసుకో. మన పత్రంలో ‘ఇత్తడి సామాన్ల వర్తకం’ అని ఉంది. మా నాయన ఈ వ్యాపారం సంగతి ఎన్నడూ చెప్పలేదు, నాకూ పత్రం చూసేదాకా తెలియదు.

విస్తీర్ణం అంకణాల్లో ఉంటుంది. మన తిరుపతి లెక్కలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెట్‌లో చూసి నెల్లూరు లెక్క 72 వేశావనుకో, ముత్తాత ఉన్నట్టుండి రెండింతల ఇంటికి యజమాని అయిపోతాడు. మీ చిన్నాన్న ఆ లెక్కే వేసుకుని ‘అంత పెద్ద ఇల్లు ఎందుకు అమ్ముకున్నార్రా’ అని వాపోతుంటాడు.

ఇప్పుడు హద్దులు. తూర్పున ఒకరి ఇల్లు, ఉత్తరాన ఉమ్మడి గోడ, దక్షిణాన సందు, పడమట ఇంకొకరి ఇల్లు. ఆ కింద ఒక వాక్యం ఉంది, నేను చాలాసార్లు చదువుకున్నాను: ‘సదరు సందులోని ఉమ్మడి బావిలో నీళ్ళు చేదుకొను హక్కుతో సహా’. అవ్వ చెప్పిన బావి అదే. ఆ హక్కు మనకొక్కరికే ఉండదు. ఆ బావి నీళ్ళు తోడుకున్న ప్రతి ఇంటి పత్రంలోనూ ఇలాంటి వాక్యం ఉండాలి. సందు పేరు పోయినా ఈ వాక్యం రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్‌లో మంచి ఏర్పాటు ఉంది. పట్టణంలోని ఇల్లయితే అది వీధికి ఏ వైపున ఉందో, ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉందో, ఇంతకుముందు ఎవరి స్వాధీనంలో ఉండేదో, నంబరుంటే నంబరుతో సహా రాయాలి. అంటే ప్రతి పత్రమూ ఒక మెట్టు వెనక్కి చూస్తుంది. స్థిరాస్తి పత్రాలన్నీ 1వ పుస్తకంలో ఎక్కుతాయి. దానికి రెండు ఇండెక్సులు: మొదటిది మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి వివరాల మీద. ఈ పుస్తకం, ఇండెక్సులు ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చని 57వ సెక్షన్. ‘మీకేం సంబంధం’ అని ఎవరైనా అడిగితే టెన్షన్ పడకు, సెక్షన్ నంబరు చెప్పు. వీలునామాలుండే 3వ పుస్తకం అలా కాదు. అందులో వెతకడం రిజిస్ట్రార్ పని, రాసినాయన పోయాక మాత్రం ఎవరు అడిగినా నకలు ఇస్తారు.

ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీశానన్నావు. అది 1983 నుంచే వస్తుంది. తాత ఇల్లు అమ్మింది నందన సంవత్సరంలో, అంటే 1952-53లో. మధ్యలో ముప్పై ఏళ్ళు ఖాళీ. ఆ కాలానికి ఇండెక్సు పుస్తకాలే గతి.

పని ఇలా మొదలుపెట్టాలి. ముందు తాత అమ్మిన పత్రం నకలు. అందులో కొన్నాయన పేరు దొరుకుతుంది. ఆయన మళ్ళీ ఎవరికైనా అమ్మాడా అని మొదటి ఇండెక్సులో ముందుకు వెతకాలి. ఇక్కడే చాలామందికి దారి తెగిపోతుంది. కొన్నాయన అమ్మకుండా పోయి ఇల్లు కొడుకులకు దక్కితే, నోటిమాట మీద పంచుకుంటే, రిజిస్ట్రేషన్ ఉండదు, ఇండెక్సులో ఏమీ కనబడదు. అప్పుడు పక్కింట్లోకి దూకాలి. తూర్పు ఇంటివాళ్ళో, పడమటి ఇంటివాళ్ళో ఎప్పుడో ఒకప్పుడు అమ్మే ఉంటారు, లేదా బ్యాంకులో తనఖా పెట్టి ఉంటారు. ఆ పత్రంలో వాళ్ళ హద్దు కింద మన ఇల్లు వస్తుంది, కొన్నాయన పేరుతోనో, ఆయన వారసుల పేరుతోనో. కొత్త పేరు వచ్చాక రాసిన పత్రమైతే సందు పేరు కూడా అందులోనే కొత్తది ఉంటుంది. పాత పేరుకీ కొత్త పేరుకీ ముడి అక్కడ పడుతుంది. మనది కాని పత్రంలో మన ఇంటి అడ్రసు దొరుకుతుందన్నమాట.

డోర్ నంబర్లతో జాగ్రత్త. మున్సిపాలిటీ 1886లో వచ్చింది, 2007లో కార్పొరేషన్ అయింది. ఇన్నేళ్ళలో వార్డులు మారినప్పుడల్లా నంబర్లూ మారాయి. ‘పాత నెం., కొత్త నెం.’ అని రెండూ వేసిన పన్ను రసీదు ఎవరింట్లోనైనా ఉంటే అది బంగారం. పాత శుభలేఖలూ చూడు. అత్త పెళ్ళి శుభలేఖ ఇనప్పెట్టెలో ఉందని అమ్మ అంటోంది, వెతికిస్తాను.

ఇంకొకటి, కాగితాల్లో లేనిది. అవ్వ దారి చెప్పేటప్పుడు వీధి పేర్లు వాడేది కాదు. గంగమ్మ జాతరలో దొర వేషం కట్టినాయన తమ వాకిట్లో నిలబడి, అటునుంచి మాడ వీధిలోకి తిరిగేదని చెప్పేది. కైకాల వంశం వాళ్ళు తరతరాలుగా వేస్తున్న వేషాలవి. అవ్వ మాట నిజమైతే మన సందు మాడ వీధికి దగ్గర్లోనే ఎక్కడో తెరుచుకోవాలి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఇంకా పాత ఇళ్ళల్లో ఉంటున్న ముసలివాళ్ళను కదిలిస్తే, వీధి పేరు గుర్తులేకపోయినా వేషం వచ్చిన దారి చెబుతారు. జాతర మేలో కదా, నీకు సెలవు దొరికితే అప్పుడు రా. ఆ సందడిలో ఆఫీసు పని జరగదు, నకళ్ళ సంగతి అంతకుముందే నేను చూసుకుంటాను.

నీతో ఒక పని పడింది. పడమటి హద్దు ఇంటాయన పేరులో మొదటి అక్షరం ‘ప’నో ‘వ’నో నాకు తేలడం లేదు. సరిగ్గా అక్కడే సిరా అలుక్కుపోయింది, నా కళ్ళద్దాలా అంతంతమాత్రం. ఇండెక్సులో పేర్లు అక్షరాల వరసలో ఉంటాయి కాబట్టి, అది తేలకుండా వెళ్తే రెండు చోట్లా పేజీలు తిరగెయ్యాలి. ఆ ఫోటో నీ కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసి, ఏ అక్షరమో రేపటిలోగా చెప్పు. దరఖాస్తు రాసి పెట్టుకున్నాను, ఆ పేరు కోసమే ఖాళీ వదిలాను.

ఇట్లు,
నాన్న