ఈటీఎఫ్ కొనేముందు ఐ-ఎన్‌ఏవీ చూడండి

సంపాదకుల వారికి,

ప్రొద్దుటూరులో బంగారం అంగడికి పోతే, ఆ పూట రేటెంతో అడగనిదే ఎవరూ డబ్బు తీయరు. అదే ఊళ్లో ఫోన్‌లో వెండి ఈటీఎఫ్ (స్టాక్ మార్కెట్లో షేరులా కొని అమ్మే ఫండ్ యూనిట్) కొనేవాళ్లు చాలామంది దాని లోపలి విలువ, అంటే యూనిట్ వెనకున్న వెండి ఖరీదు ఎంతో చూడకుండానే ఆర్డరు పెట్టేస్తున్నారు. మార్కెట్ నడుస్తున్నంతసేపూ ఆ విలువను చూపే అంకే ఐ-ఎన్‌ఏవీ. ఈటీఎఫ్ అంటే అందరికీ అర్థమయ్యే తేలికైన పెట్టుబడి అన్న ప్రచారమే దీనికి మూలం. అన్ని ఈటీఎఫ్‌లనూ ఒకే గాటన కట్టకూడదు.

ఏది సంక్లిష్టమైనదో రిస్కోమీటరు (ఫండ్‌లో నష్టభయం ఎంతో చూపే కొలమానం) చూస్తే తెలిసిపోతుందంటారు. తెలియదు. నిఫ్టీ ఈటీఎఫ్‌కు అది 'చాలా ఎక్కువ' అనే చూపిస్తుంది. అయినా అందులో ఉండేవి సూచీలోని 50 కంపెనీల షేర్లే, అదే నిష్పత్తిలో. ఇందులో అర్థం కానిదేమీ లేదు. అమెరికాలో అమ్మే రోజువారీ రెట్టింపు ఈటీఎఫ్‌ల సంగతి వేరు. సూచీ ఒక రోజులో ఎంత శాతం కదిలితే అవి దానికి రెట్టింపు కదులుతాయి. సూచీ 100 నుంచి 90కి పడి మర్నాడు మళ్లీ 100కు చేరినా, 100 దగ్గరే మొదలైన ఆ ఫండ్ 80కి పడి 97.78 దగ్గరే ఆగిపోతుంది. సంక్లిష్టమంటే అదీ. మన ఎక్స్ఛేంజీల్లో అలాంటివి లేవు.

మన దగ్గర చిక్కంతా ధరలో వస్తుంది. యూనిట్ ధర లోపలి విలువను దాటితే, మార్కెట్ మేకర్లు (ఈటీఎఫ్ యూనిట్లను నిత్యం కొంటూ అమ్ముతూ ఉండే సంస్థలు) వెండి తెచ్చి ఫండ్ సంస్థకు అప్పగించి, కొత్త యూనిట్లు తీసుకుని అమ్ముతారు. దాంతో ధర దిగుతుంది. సరుకే దొరక్కపోతే ఈ పని సాగదు. 2025 అక్టోబరులో వెండికి అదే జరిగింది. కొన్ని సంస్థలు తమ వెండి ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లోకి (వెండి ఈటీఎఫ్‌లోనే డబ్బు పెట్టే ఫండ్లలోకి) ఏకమొత్తం పెట్టుబడులు తీసుకోవడమే ఆపేశాయి. విదేశీ సూచీల ఈటీఎఫ్‌లకైతే పరిమితి అడ్డం. మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి విదేశీ షేర్లలో పెట్టగలిగింది 700 కోట్ల డాలర్లే. అది నిండితే కొత్త యూనిట్లు రావు, ఉన్నవాటికే గిరాకీ పెరుగుతుంది.

ఐ-ఎన్‌ఏవీ 150 రూపాయలున్న యూనిట్‌ను 165కు కొంటే, వెండి రేటు పైసా తగ్గకపోయినా ఆ తేడా కరిగేసరికి 15 రూపాయలు గల్లంతు.

అందుకే ముందు ఫండ్ సంస్థ వెబ్‌సైటులో ఐ-ఎన్‌ఏవీ చూసుకుని, దానికి దగ్గరగా లిమిట్ ఆర్డరు (ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పే ఆర్డరు) పెట్టాలి. ఉన్న ధరకు కొనేసే మార్కెట్ ఆర్డరు అసలే వద్దు. లావాదేవీలు పలచగా ఉన్న ఈటీఎఫ్‌లో అది ఏ ధరకు తగులుతుందో చెప్పలేం. 9:15కు మార్కెట్ తెరవగానే తొందరపడటం కూడా మంచిది కాదు.

యాప్‌లు ధర పక్కనే ఐ-ఎన్‌ఏవీ చూపించేలా మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టాలి. రోజూ బంగారం, వెండి రేట్లు అచ్చువేసే మీరు కూడా, జనం ఎక్కువగా కొనే ఈటీఎఫ్‌ల ముగింపు ధరనూ ఎన్‌ఏవీనీ (రోజు చివరి లోపలి విలువనూ) పక్కపక్కన వేయాలని కోరుతున్నాను.

ఒక పాఠకుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా