కారు ముందు అద్దం మార్పించబోయే రఘుకు

కర్నూలు,
ఆదివారం పొద్దున

రఘూ,

నువ్వు పంపిన రెండు ఫోటోలూ పెద్దవి చేసి చూశానప్పా. తాడిపత్రి రోడ్డులో ముందు పోతున్న లారీ చక్రాల కింద నుంచి కంకర రాయి లేచి తగిలిందన్నావు కదా, మొదటి ఫోటోలో అది రూపాయి బిళ్ల కన్నా చిన్న చుక్క. రెండో ఫోటోకొచ్చేసరికి జానెడు గీత అయి, డ్రైవరు వైపు అంచును తాకింది. చుక్కగా ఉన్నప్పుడే అయితే రెజిన్, అంటే పగులులోకి దిగి గట్టిపడే జిగురు, ఎక్కించి ఆపి ఉండొచ్చు. అంచుకు చేరిన గీతను రెజిన్ పట్టి ఉంచలేదు, అంచు దగ్గరే గాజు మీద ఒత్తిడి ఎక్కువ. పైగా అది నీ కళ్లకు ఎదురుగా ఉంది. ఇక మార్చాల్సిందే.

ఇంటికే వచ్చి మార్చేవాళ్లను పిలుస్తానన్నావు. మంచి ఆలోచనే. కానీ వర్క్‌షాపులో నీడ, చదునైన నేల, దుగ్గు లేని చోటు వాళ్లే చూసుకుంటారు, ఇంటి దగ్గర ఆ పని నీది. ముందు అద్దాన్ని బోల్టులు పట్టవు, చుట్టూ కనిపించే రబ్బరూ పట్టదు. లోపల పూసే పాలీయురిథేన్ సీలెంటు, అంటే ఆ గట్టి జిగురు, ఒక్కటే పట్టి ఉంచుతుంది. బండి గుద్దుకున్నప్పుడు పక్క సీటు ఎయిర్‌బ్యాగు ఉబ్బేది ఆ అద్దాన్ని ఆసరా చేసుకునే. బోల్తా పడితే పైకప్పు కుంగకుండా కొంత ఆపేదీ అదే. సీలెంటు సరిగ్గా అతుక్కోకపోతే అద్దం మొత్తం ఊడి బయట పడుతుంది. కింద రాసినదాంట్లో చాలావరకు ఆ సీలెంటు కోసమే, ఓపికగా చదువు.

వాళ్లొచ్చేలోపు ఎండలో కాగిన అద్దం మీద ఏసీ గాలి నేరుగా కొట్టనీయొద్దు, చల్లనీళ్లు పోయొద్దు. తలుపులు దభీమని వేయొద్దు. చుక్క ఉన్నచోట బయటివైపు పారదర్శకమైన టేపు ఒకటి అంటించు, తేమ, దుగ్గు లోపలికి పోకుండా. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది కాబట్టి ఒక్కసారిగా రాలిపోదు, భయం లేదు. అలాగని వేలితో నొక్కి చూడొద్దు.

బుక్ చేసే ముందు ఇన్సూరెన్స్ సంగతి తేల్చుకో. థర్డ్ పార్టీ పాలసీ అయితే అద్దానికి పైసా రాదు, ఓన్ డ్యామేజీ, అంటే నీ సొంత బండి నష్టానికిచ్చే కవరు, ఉండాలి. అది ఉంటే గాజుకు తరుగుదల కోయరు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం సగం కోస్తారు, తరుగుదల కోయకుండా చేసే జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్ తీసుకుని ఉంటే తప్ప. 1500 సీసీ లోపు బండికి ₹1,000, అది దాటితే ₹2,000 నువ్వు కట్టే వాటా. సీలెంటు లాంటి వాడితే అయిపోయే సరుకుల ఖర్చుకు కన్స్యూమబుల్స్ యాడ్-ఆన్ లేకపోతే అదీ నీ మీద పడొచ్చు. వీటికన్నా పెద్ద లెక్క నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా 50 శాతం దాకా వచ్చి ఉంటే, ఈ ఒక్క అద్దం కోసం అది సున్నాకు దిగుతుంది, బోనస్ కాపాడే యాడ్-ఆన్ లేకపోతే. అద్దం ధర ఒక పక్క, వచ్చే ఏడు పోయే తగ్గింపు ఒక పక్క రాసుకుని చూడు. మామూలు అద్దమైతే చేతి డబ్బుతోనే మార్చుకోవడం లాభం కావచ్చు. క్లెయిమ్‌కే పోతే మాత్రం సర్వేయరు చూసి, లేదా ఫోటోలు అంగీకరించి సరే అన్నాకే పాత అద్దం విప్పనీ.

తర్వాత సరైన అద్దం తెప్పించడం. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. ఫోనులో బండి పేరు చెప్పి ఊరుకుంటావు, వాళ్లు వ్యాన్‌లో తెచ్చింది సరిపోదు, రోజంతా పోతుంది. ఒకే బండికి మూడు నాలుగు రకాల ముందు అద్దాలు ఉంటాయి. ఆర్‌సీ ఫోటో పంపు, అందులో 17 అక్షరాల ఛాసిస్ నంబరు, తయారైన నెల, సంవత్సరం కనపడాలి. వెనక బండ్లు చూసుకునే మధ్య అద్దం వెనకాల ఏముందో లోపలి నుంచి ఒకటి, బయటి నుంచి ఒకటి ఫోటో తీయి. వాన పడితే వైపర్లు వాటంతట అవే కదిలే సెన్సరు ఉందా, కెమెరా ఉందా, పైన రంగు పట్టీ ఉందా, గాజులో యాంటెనా తీగ ఉందా అన్నీ అడిగి రాసుకోమను. కింది మూలలో ముద్రలు ఉంటాయి, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అన్న అంకె, తయారీదారు పేరు. వాటినీ ఒక ఫోటో తీసి పంపు. కొత్త అద్దం మీద కూడా ఆ గుర్తు లేకపోతే ఒప్పుకోవద్దు.

కెమెరా ఉన్న బండి అయితే, అంటే లేన్ దాటితే హెచ్చరించేది, ముందు బండిని చూసి బ్రేకు వేసేది, అద్దం మార్చాక కెమెరాను మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు సరిగ్గా కుదర్చాలి. కొన్ని బండ్లకు దాన్ని రోడ్డు మీద నడిపి చేస్తారు, కొన్నింటికి చదునైన పెద్ద స్థలంలో ముందు బోర్డు పెట్టి చేస్తారు. రెండోది నీ ఇంటి ముందు జరిగే పని కాదు. ఎక్కడ, ఎప్పుడు చేస్తారో బుకింగ్ నాడే చెప్పించుకో. కెమెరా ఒక రోమమంత వంకరగా చూసినా దూరంలో లెక్క అడుగుల్లో తప్పుతుంది.

పై మోల్డింగు, వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ కౌల్ క్లిప్పులు కొత్తవి తెస్తారా అనీ అడుగు. పాత క్లిప్పులు ఎండకు పెళుసెక్కి, విప్పుతుంటే పుటుక్కున విరుగుతాయి. అవి లేకుండా బిగిస్తే వంద స్పీడు దాటగానే ఈలలు మొదలవుతాయి.

ఇంట్లోనా ఆఫీసులోనా అన్నావు. నా మాట వింటే ఇల్లే. ఆఫీసు పార్కింగు అనంతపురం ఎండలో బట్టబయలు, పక్క బండ్లు ఆనుకుని ఉంటాయి, గేటు దగ్గర వాళ్ల వ్యాన్‌కు అనుమతి కావాలి, పైగా ఐదు కొట్టగానే నువ్వు బండి తీయాలి. తీయకూడని బండిని తీయాల్సి రావడం కన్నా చెడ్డది లేదు.

ఇంట్లో ఎక్కడ నిలపాలంటే, నాలుగు చక్రాలూ ఒకే మట్టంలో ఉండాలి. గేటు ర్యాంపు మీద రెండు చక్రాలు, వీధిలో రెండు చక్రాలు పెట్టే అలవాటు ఆ రోజుకు మానుకో, బండి చట్రం రోంత మెలికపడి అద్దం సమంగా కూర్చోదు. ముందు, రెండు పక్కలా మూడడుగులు ఖాళీ ఉండాలి, తలుపులు పూర్తిగా తెరుచుకోవాలి. మీ నాపబండల వాకిలి చదును కాబట్టి దానికి సరిపోతుంది. వేపచెట్టు కింద మాత్రం వద్దు. ఆకు, పండు, పిట్టరెట్ట ఏది పడినా సీలెంటు మీదే పడుతుంది. పోర్టికోలో పట్టకపోతే టెంట్ హౌస్ నుంచి చిన్న షామియానా తెచ్చి బిగుతుగా కట్టించు. పటపటా కొట్టుకునే పట్ట వద్దు, దాని దుగ్గంతా కిందికే రాలుతుంది.

మన ఆషాఢం గాలి సంగతి నీకు చెప్పాలా! పడమటి నుంచి తోసుకొచ్చే ఆ గాలే ఇప్పుడు ఎండకన్నా పెద్ద శత్రువు. సీలెంటు పూసి అద్దం పెట్టేలోపు దాని మీద దుగ్గు పొర వాలితే పైకి అంతా బాగానే కనిపిస్తుంది, వానలు మొదలయ్యాక నీళ్లు కారడం మొదలవుతుంది. అందుకే ఇంటి గోడ పడమటి వైపు అడ్డం వచ్చేలా బండి పెట్టు. గాలి పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది, కాబట్టి వాళ్ల తొలి స్లాటే అడుగు. ఎండాకాలమైనా పొద్దున్నే మేలు. కాలే ఇనుము మీద పూస్తే సీలెంటు పైన పొర గట్టిపడిపోయి గాజును పట్టదు. పక్కింట్లో బండలు కోసే మిషన్ నడుస్తుంటే ఆ రెండు గంటలు ఆపమని ముందే మర్యాదగా చెప్పి ఉంచు. వాకిలి ముందురోజు సాయంత్రమే ఊడ్చి కళ్లాపి చల్లించు. ఆ పొద్దున ఊడిస్తే లేచిన దుగ్గు గంట సేపు గాలిలోనే ఉంటుంది.

బండిని రెండు రోజుల ముందు కడుగు, ఆ రోజు కడగొద్దు. అద్దం చుట్టూ సందుల్లో, కౌల్ కింద నీళ్లు నిలిచి ఉంటాయి, సీలెంటు కన్నా ముందు పూసే ప్రైమరు తడి ఇనుముకు అంటదు. ఇంకొకటి చాలామందికి తోచదు. వాళ్లొస్తున్నారని డ్యాష్‌బోర్డుకు నిగనిగలాడేలా పాలిష్ కొట్టొద్దు. అందులో సిలికాన్ ఉంటుంది, ఆ తుంపర చట్రం మీద పడిందంటే సీలెంటు జారిపోతుంది.

డ్యాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామిని, డ్యాష్‌క్యామ్‌ని, ఫోను స్టాండుని ముందురాత్రే తీసి లోపల పెట్టు. టేపుతో అంటించిన విగ్రహాన్ని గుంజకు, హెయిర్ డ్రయ్యరుతో రోంత వేడి చేస్తే వదులుతుంది. ముందు సీట్లు ఖాళీ చేసి వెనక్కి జరుపు. పది పదిహేను మీటర్ల లోపు ఒక ప్లగ్గు, మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఒక బకెట్ నీళ్లు, వాళ్లు పనిముట్లు పరుచుకోడానికి ఒక బల్ల. తాళం చెవి నీ దగ్గరే ఉండాలి, వైపర్లు ఆపడానికి, సెన్సరు చూడటానికి కావాలి. కుక్కను కట్టెయ్యి. పిల్లలను అటు రానీయొద్దు, కోసిన అంచు నుంచి గాజు పొడి రాలుతుంది.

పని జరిగేటప్పుడు పక్కనే నిలబడు, తొందర మాత్రం పెట్టొద్దు. పాత అద్దాన్ని సన్న తీగతోనో కత్తితోనో కోసి తీస్తారు. చట్రం మీద పాత సీలెంటు పూర్తిగా గీకేయకూడదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర సమంగా ఉంచాలి, కొత్తది దానికే బాగా అంటుతుంది. కత్తి తగిలి పెయింటు గీసుకుపోయిన చోట ప్రైమరు పూసి ఆరనివ్వాలి, వదిలేస్తే అక్కడే తుప్పు పుట్టి లోలోపల పాకుతుంది. అద్దం తీశాక ముందే తుప్పు కనిపిస్తే ఆ రోజు పని ఆగినా బాధపడకు. తుప్పు మీద అంటించిన అద్దం తుప్పుతో పాటే ఊడొస్తుంది. ట్యూబు మీద గడువు తేదీ చూపించమను. సీలెంటు ఎక్కడా తెగకుండా చుట్టూ ఒకే ధారగా రావాలి, పూసిన పది పదిహేను నిమిషాల్లో అద్దం కూర్చోవాలి. అంచున నల్లపట్టీ ఉంటుంది చూడు, సీలెంటును ఎండ నుంచి కాపాడేది అదే. శుభ్రం చేశాక దాన్ని ఎవరూ ఉత్త చేత్తో ముట్టకూడదు. ఎవరైనా బాత్రూము సందులకు పూసే సిలికాన్ ట్యూబు తీస్తే మాత్రం అక్కడికక్కడే ఆపెయ్.

పని గంటన్నర, రెండు గంటలు. ఆ తర్వాత ఎంతసేపు బండి కదపకూడదో సీలెంటును బట్టి ఉంటుంది. కొన్నింటికి గంట, కొన్నింటికి ఆరు గంటలు, ఇంకా ఎక్కువ కూడా. ఆ సమయం బిల్లు మీద రాయించుకో. ఇది గాలిలోని తేమ తాగి గట్టిపడే సరుకు, అదీ పైనుంచి లోపలికి, రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున. మన ఊళ్ల పొడి గాలిలో నిదానమవుతుంది. అందుకే వాళ్లు చెప్పినదానికి ఇంకో రెండు గంటలు కలుపు, వీలైతే ఆ రోజు బండి ముట్టకు. అద్దం జరగకుండా వాళ్లు అంటించిన టేపులు 24 గంటలు పీకొద్దు, ఒక కిటికీ అంగుళం దించి ఉంచు. అన్నీ మూసి తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి పచ్చి సీలెంటును బయటికి తోస్తుంది. రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు, గుంతల రోడ్డు వద్దు. అద్దం కూర్చున్నాక చినుకులు పడితే దిగులు లేదు.

మూడో రోజు పైపుతో సన్నటి ధార కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పట్టు. చెల్లెమ్మను లోపల కూర్చోబెట్టి టిష్యూ పేపరు అంచుల వెంబడి తాకించమను. తడి కనపడితే వెంటనే వాళ్లకు ఫోను చెయ్యి, పైన ఏదో పూసి సర్దుకోవద్దు.

ఫాస్టాగ్ మరిచేవు. పాతది పీకి కొత్త అద్దానికి అంటించడం కుదరదు, పీకగానే లోపలి యాంటెనా చిరిగి పనిచేయదు. బుక్ చేసిన రోజే బ్యాంకుకు చెప్పి మారు ట్యాగు తెప్పించు. లేకపోతే ఇటు కర్నూలు రావాలంటే కాసేపల్లి, అమకతాడు రెండు చోట్లా, అటు బెంగుళూరు పోవాలంటే మరూరులో ఊరికే ఎక్కువ కట్టాలి.

కడపలో మీ బావమరిది బండికి పోయింది తలుపు అద్దం కదా, ఆ లెక్క వేరు. అది టెంపర్డ్ గాజు, పగిలితే చిన్న గుళ్లుగా రాలేది, సీలెంటు ఉండదు, గంటలో అయిపోతుంది, ఆఫీసులోనే చేయించుకోమను. ఈలోపు కిటికీకి మందపాటి ప్లాస్టిక్ షీటు కట్టుకోవచ్చు, టేపును పెయింటు మీద ఎండలో రోజుల తరబడి ఉంచొద్దను. కిటికీ స్విచ్ నొక్కొద్దను, ముక్కలు కిటికీని ఎత్తి దించే రెగ్యులేటరులో ఇరుక్కుంటాయి. తలుపు లోపలి ప్యాడు విప్పి, అడుగున పడిన గాజు గుళ్లన్నీ వ్యాక్యూమ్‌తో లాగించాలి. లేకపోతే నీళ్లు పోయే రంధ్రాలు పూడుకుని తలుపు తుప్పు పడుతుంది. ప్యాడు వెనకాల ఉండే ప్లాస్టిక్ పొరను చింపకుండా తిరిగి అంటించాలి, చివరికి ఆటో కిటికీని రీసెట్ చేయించుకోవాలి. సీట్ల పట్టాల్లో పడిన గాజు చేత్తో తీయొద్దని మరీ మరీ చెప్పు.

అద్దం మూల ముద్రలు, మధ్య అద్దం వెనక భాగం ఫోటోలు నాకూ పంపు, బుక్ చేసే ముందు ఒకసారి చూస్తా. బిన్నా పంపు, గీత రోజుకింత పోతూనే ఉంటుంది. అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ
శీనుగాడు