టై తీసేశారు సరే, చొక్కా సంగతి చూడు

చిన్నా,

నాన్న దీవెనలు. మీ ఆఫీసులో ఇక టై, కోటు అక్కర్లేదని, స్మార్ట్ క్యాజువల్ చాలని కాయితం వచ్చిందని అమ్మ చెప్పింది. ఆదివారం మాల్‌కెళ్లి ఆరేడు టీషర్టులు, రెండు జీన్సులు కొనేద్దామనుకుంటున్నావట. కాస్త ఆగు. నీ బీరువాలో ఉన్నవాటిలో సగం పైగా పనికొస్తాయి, కాకపోతే వాటి మీద కత్తెర పడాలి.

కోటు వేసుకున్నన్నాళ్లూ లోపలి చొక్కా ఎలా ఉన్నా చెల్లిపోయింది. భుజం అరంగుళం జారినా, నడుం దగ్గర గుడ్డ గోనెసంచిలా పోగుపడినా కోటు కప్పేసేది. కాలర్ నిలబడకపోతే టై ముడి నిలబెట్టేది. ఇప్పుడు ఆ రెండూ పోయి చొక్కా ఒక్కటే మిగిలింది. అందుకే రూలు వదులయ్యేకొద్దీ కొలత కుదురుగా ఉండాలి. కుదురుగా అంటే టైటుగా అని కాదు. జిమ్ముకెళ్లే కుర్రాళ్లలా గుండీల మధ్య గుడ్డ నోళ్లు తెరుచుకునేటట్టు కుట్టించుకోకు.

ముందు ఆ కాయితం మళ్లీ చదువు. కాలర్ ఉండి తీరాలా, జీన్సు ఒప్పుకుంటారా, కాళ్లకి బూటే ఉండాలా, క్లయింటు వచ్చే రోజుల సంగతేమిటి, ఈ నాలుగూ చూడు. కాయితంలో రాయనివి మీ మేనేజరు ఒంటి మీద కనపడతాయి. రెండు వారాలు ఆయన, ఆయన పైవాళ్లు ఏం వేసుకొస్తున్నారో గమనించు. అందాకా ఉన్న చొక్కా, పాంటే టై లేకుండా వేసుకెళ్లు, తప్పు పట్టేవాళ్లుండరు.

టై తీయగానే మొదట బయటపడేది కాలరే. జపాన్‌లో 2005 వేసవిలో ప్రభుత్వమే కూల్ బిజ్ అని పేరుపెట్టి, ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీల దగ్గర ఉంచి టై, కోటు మానెయ్యమంది. ఆ వెంటనే టై లేకుండా నిలబడే కాలర్ల చొక్కాలకి అక్కడ గిరాకీ వచ్చింది. కారణం చెబుతాను. ఫార్మల్ కాలర్‌లో రెండు ముక్కలుంటాయి. మెడ చుట్టూ నిలబడే పట్టీ ఒకటి, దాని మీద నుంచి మడిచే ఆకు ఒకటి. పై గుండీ పెట్టుకుంటేనే ఆ పట్టీ నిలబడేలా కత్తిరిస్తారు. గుండీ తీస్తే పట్టీ రెండు పక్కలకీ వాలిపోయి, కాలర్ మొనలు ఛాతీ మీదకి జారి చొక్కా నీరసంగా కనపడుతుంది.

దీనికి రెండు దార్లున్నాయి. కాలర్ మొనల అడుగున సన్నటి జేబులాంటి సందులుంటే, ఇస్త్రీ చేశాక అందులో కాలర్ బోన్, అంటే కాలర్‌ని నిలబెట్టే సన్నటి పుల్ల పెట్టుకో, కొంతవరకు నిలబడుతుంది. బకరం, అంటే కాలర్ లోపల పెట్టే గట్టి గుడ్డ, మెత్తగా ఉన్న చొక్కాలైతే కాలర్ మొనల దగ్గర చిన్న కాజాలు తీయించి కింద చిన్న గుండీలు కుట్టించుకోవచ్చు. కాలర్‌ని సాపుగా పరిచి గుండీకి గుర్తు పెట్టకూడదు. చొక్కా వేసుకుని, పై గుండీ తీసి, మొన పడిన చోటికి పావంగుళం పైన గుర్తు పెట్టాలి. అప్పుడే ఆకు కొంచెం ఉబ్బి గుండ్రంగా తిరుగుతుంది. సాపుగా పెడితే మెడ తిప్పినప్పుడల్లా గుండీ గుడ్డని లాగుతుంది. బకరం అట్టలా ఉన్న తెల్ల చొక్కాలకి ఈ పని చేయించకు, కాజా దగ్గర గడ్డలా లేస్తుంది.

కాలర్ మీద బుడగలు లేచిన చొక్కాలు నీ దగ్గర ఒకటో రెండో ఉండే ఉంటాయి. ఉతుకుల్లో గుడ్డ, లోపలి బకరం సమానంగా ముడుచుకోక, జిగురు ఊడి అలా అవుతుంది. ఇస్త్రీపెట్టెని జరపకుండా ఒకే చోట అదిమిపెడితే ఒక పూటకి అణుగుతుంది, తర్వాత ఉతుక్కి మళ్లీ లేస్తుంది. అవి ఇంట్లో వేసుకో.

ఇక పొడవు. ఫార్మల్ చొక్కా పాంటులో దోపుకోవడానికే కుడతారు కాబట్టి, కూర్చుని లేచినా బయటికి రాకుండా కింద రెండు మూడంగుళాలు అదనంగా ఉంటుంది. అదే చొక్కాని బయటికి వదిలేస్తే లాల్చీలా ఉంటుంది. నీ ఎత్తుకి మెడ వెనక నుంచి 30, 31 అంగుళాలు కుట్టించుకుని ఉంటావు. బయటికి వేసుకునే దానికి 28, మహా అయితే 28న్నర చాలు. అద్దం ముందు చేతులు వదిలి నిలబడితే ముందు అంచు జిప్పు సగం దగ్గర ఆగాలి. చేతులు పైకెత్తితే బెల్టు బయటపడకూడదు. ఈ రెండూ కుదిరిన చోటే కత్తిరించేది.

మీ పక్క వీధి దర్జీకి ఇస్తే దగ్గరుండి చెప్పు. అంచు గుండ్రంగా ఉండాలంటే మడత పావంగుళం మించకూడదు, రెండుసార్లు మడిచి సన్నగా కుట్టాలి. వంపు మీద వెడల్పు మడత పెడితే బయటి అంచు పొడవెక్కువ, కుట్టే గీత పొడవు తక్కువ అవుతుంది, ఆ తేడా అంతా ముడతలై కూర్చుంటుంది. ఇస్త్రీ ఎంత చేసినా ఆ ముడతలు పోవు. దర్జీకి అంత ఓపిక లేకపోతే అంచు తిన్నగా పెట్టించి, పక్కల్లో రెండంగుళాల చీలికలు ఇప్పించు. దానికి ముప్పావంగుళం మడత బాగుంటుంది. ఆఖరి గుండీ కొత్త అంచుకి కనీసం రెండున్నర అంగుళాల పైన ఉండాలి. అంతకంటే కిందికొస్తే గుండీ తీసేసి కాజా మూయించాల్సి వస్తుంది, ఆ మచ్చ కనపడుతుంది. జేబు కూడా చూసుకో. పొడవు తగ్గించాక జేబు దిగజారినట్టుంటుంది. దాన్ని పైకి జరిపితే పాత కుట్టు గుర్తులు మిగిలిపోతాయి కాబట్టి జేబు బాగా కిందికున్న చొక్కాని అసలు కత్తిరించకు, టక్ చేసుకునే వాటిలోనే ఉంచు.

నడుం దగ్గర లూజు తీయించడం తేలిక. రెండు పక్క కుట్లలో అరంగుళం చొప్పున లోపలికి తీస్తే మొత్తం రెండంగుళాలు తగ్గుతుంది. ఒంటి కొలతకి ఛాతీ దగ్గర నాలుగంగుళాలు అదనం ఉంచు. భుజం ముప్పావంగుళం దాటి జారిన చొక్కాని మాత్రం వదిలెయ్. చేతులు విప్పి, చంక మళ్లీ కత్తిరించి కుట్టేసరికి కూలి కొత్త చొక్కా కుట్టుకూలికి దగ్గరపడుతుంది.

ఏ చొక్కా దేని మీదకన్నది రంగు కన్నా గుడ్డే ఎక్కువగా తేలుస్తుంది. తళతళలాడే సాటిన్ నేత, తెలుపు మీద తెల్ల గీతలు జీన్సు మీద అతకవు. నున్నటి గుడ్డ పక్కన గరుకు గుడ్డ పడేసరికి రెండూ చవగ్గా కనపడతాయి. లేత నీలం ఆక్స్‌ఫర్డ్ (కాస్త గరుకైన దళసరి కాటన్), షాంబ్రే (జీన్సులా కనపడే పలచటి కాటన్), చిన్న గళ్లు, లినెన్ దేని మీదకైనా వెళ్తాయి.

పాంట్ల విషయంలో నేను గట్టిగా చెప్పేది, పాలిస్టర్, విస్కోస్ కలిపి నేసిన పాలీవిస్కోస్ పాంటు మీద టీషర్టు వేసుకోవద్దని. నిలువు మడత, ఆ నిగనిగా టీషర్టుని బనీనులా చూపిస్తాయి. ఆ పాంట్లని చొక్కాల కిందకే ఉంచి, రెండు కాటన్ చీనోస్ కొనుక్కో, ఒకటి నేవీ, ఇంకొకటి ఇసుక రంగు. లైక్రా, అంటే సాగే నూలు, రెండు శాతం ఉంటే చాలు. పొడవు ఏ బూటు వేసుకుంటావో ఆ బూటుతోనే కొలిపించు. తోలు బూటు మీద పాంటు కొంచెం వాలొచ్చు, స్నీకర్ల మీద అంతకంటే ముప్పావంగుళం పొట్టిగా ఉంటేనే బాగుంటుంది. పాత పాంట్ల బాటమ్ వెడల్పుగా ఉంటే మోకాలి నుంచి కిందికి సన్నం చేయించు. లోపలి కుట్టు దగ్గర అరంగుళం, బయటి కుట్టు దగ్గర అరంగుళం తీస్తే 16 ఉన్నది 14 అవుతుంది. పని తొందరగా అవుతుందని కొందరు లోపలి కుట్టులోనే మొత్తం తీసేస్తారు. అప్పుడు కాలు మెలి తిరిగి ఇస్త్రీ మడత పక్కకిపోతుంది.

జీన్సు ఒకటి చాలు. ముదురు నీలం, చిరుగులు, వెలిసిన మచ్చలు లేనిది తీసుకో. నీలిమందు నూలు లోపలిదాకా దిగదు, పైపైనే పట్టుకుంటుంది, అందుకే రుద్దుకుంటే ఊడుతుంది. మొదటి నాలుగైదు ఉతుకులు తిరగేసి, చన్నీళ్లలో, విడిగా. కొత్తలో ఆఫీసులో లేత రంగు సోఫా మీద కూర్చోకు, తెల్ల స్నీకర్ల అంచులకి కూడా ఆ నీలం అంటుతుంది. పొడవు తగ్గించేటప్పుడు పాత అంచునే పెట్టి కుట్టమను. మందం కుట్లు కలిసే చోట మామూలు సూది కుట్లు వదిలేస్తుంది. 16 నంబరు సూది వేసి, ఆ మందాన్ని సుత్తితో మెత్తగా కొట్టి కుట్టాలి.

నీ నీలం సూటు కోటుని బ్లేజరులా జీన్సు మీద వేద్దామనుకుంటావేమో, వద్దు. సన్నటి నేత, భుజాల్లో ప్యాడ్లు ఉన్న కోటు కింద పాంటు తోడు లేకపోతే అరువు తెచ్చుకున్నట్టుంటుంది. పైగా కోటు ఒక్కటీ డ్రైక్లీనింగుకి వెళ్లి వస్తుంటే రెండేళ్లకి పాంటు రంగు, దాని రంగు వేరైపోయి సూటే పోతుంది. క్లయింటు మీటింగులకి, పెళ్లిళ్లకి రెండూ జోడీగా దాచుకో. ఏసీ చలికి కావాలంటే లైనింగు లేని కాటన్ జాకెట్టు గానీ, ఖద్దరు నెహ్రూ కోటు గానీ ఒకటి ఆఫీసు కుర్చీకే ఉంచు. ఉన్నట్టుండి పెద్దాయనెవరో వచ్చినా అదే ఆదుకుంటుంది.

టీషర్టు అన్నావు కదా, కాలర్ ఉన్న పోలో రెండు తీసుకో. 200 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 200 గ్రాములు, అటూ ఇటూగా ఉన్న పీకే గుడ్డ (చిన్న చిన్న గుంటలు కనపడే అల్లిక) ఒంటికి అంటుకోదు. వాటిని హ్యాంగరుకి తగిలించకు, భుజాల దగ్గర కొమ్ములు లేస్తాయి. అల్లిక గుడ్డ కనుక ఐడీ కార్డు కొక్కెం తగిలితే పోగు లాగేస్తుంది, అది కూడా చూసుకో. రాతలున్నవి అస్సలు వద్దు.

కొత్త చొక్కాల డబ్బు మాత్రం చేనేత మీద పెట్టమంటాను, నాకు ఆ పక్షపాతం ఉంది. మంగళగిరి గుంట మగ్గాల కాటన్ హైదరాబాద్ ఎండకి, మీ ఆఫీసు ఏసీకి రెంటికీ సరిపోతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో చిన్న డిజైను తీసుకో, పెద్ద పెద్ద వజ్రాకారాలు ఆఫీసుకి బాగోవు. పొందూరు ఖద్దరు ఖరీదు. అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి చేత్తో వడుకుతారు, ఆ ధర ఆ పనికి. ఒక్క తెల్ల చొక్కా ఉన్నా మీటింగులో నీకు కోటు గుర్తుకు రాదు.

కొనేటప్పుడు ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు అడుగు. 58 అంగుళాల పన్నా అయితే ఫుల్‌హ్యాండ్స్‌కి మీటరు అరవై సెంటీమీటర్లు, 36 అయితే రెండున్నర మీటర్లు. చేనేతకి పావు మీటరు ఎక్కువ తీసుకో, ఇక్కత్ అయితే బొత్తాల పట్టీ దగ్గర, జేబు దగ్గర డిజైను కలవాలి కాబట్టి ఇంకో పావు. తడిపిన తెల్ల చేతిరుమాలుతో ఒక మూల గట్టిగా రుద్ది రంగు అంటుతుందేమో చూడు. కత్తెర పెట్టకముందు గుడ్డని రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి ఇస్త్రీ చేయించాలి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, బిగించి నేస్తారు కాబట్టి నీళ్లు తగలగానే నిలువున ముడుచుకుంటుంది. తడపకుండా కుట్టిస్తే మొదటి ఉతుక్కే చేతులు మణికట్టు పైకి ఎక్కుతాయి. ఆ లాప్‌టాప్ బ్యాగు పట్టీ రోజూ భుజం మీద రుద్దితే చేనేత అక్కడే ముందు పలచబడుతుంది, ఆ చొక్కాలు వేసుకున్న రోజు బ్యాగు చేత్తో పట్టుకో.

బూట్లు ఒక జత బ్రౌన్ లోఫర్లు, ఒక జత తెల్ల తోలు స్నీకర్లు చాలు. నల్ల లేసు బూట్లు సూటుతో పాటు లోపల పెట్టు.

పండక్కి వచ్చేటప్పుడు ఆ లేత నీలం చొక్కాలు, గళ్లవి, గోధుమ రంగు పాంటు బ్యాగులో వేసుకురా, ఇక్కడే కత్తిరించి ఇస్తాను. ఈలోగా నీకు బాగా కుదిరిందనిపించే చొక్కా ఒకటి మంచం మీద పరిచి, గుండీలు పెట్టి, చంక కింద అంగుళం దిగి అడ్డంగా కొలువు, తర్వాత నడుం దగ్గర, భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకి, మెడ వెనక నుంచి అంచుదాకా. ఈ నాలుగూ ఫోన్లో పంపు. ఒంటి కొలతలు వద్దు, నువ్వు కొలుచుకుంటే పొట్ట లోపలికి లాగుతావు. తెచ్చే బట్టలు ఉతికి తే, గంజి మాత్రం పెట్టకు, బిర్రుగా నిలబడి ఎక్కడ లూజుందో తెలియదు.

అమ్మ దీవెనలు చెప్పమంది.

మీ నాన్న