డ్రాగ్‌స్టర్ మోడల్: బరువు లెక్క, మంట లెక్క

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇత్తడి, అల్యూమినియంతో చేసిన డ్రాగ్ రేసింగ్ కారు (డ్రాగ్‌స్టర్, తిన్నని దారిలో కొద్ది దూరం దూసుకెళ్లే పందెపు కారు) మోడల్ ఫొటో వేశారు. తెలుగు పత్రికలో అలాంటి ఫొటో కనబడటమే అరుదు, చాలా సంతోషం. కానీ దాని కింద రాసిన రెండు మాటలను సరిచేయాలి. మోడల్ 16వ వంతు సైజు కాబట్టి బరువు కూడా అసలు కారులో 16వ వంతే అన్నారు. కంప్యూటర్‌తో నడిచే పెద్ద యంత్రాలు లేనిదే ఇలాంటివి తయారుకావన్నారు. మొదటిది లెక్కలో తప్పు. రెండోది చదివితే ఈ పని నేర్చుకుందామనుకున్న కుర్రవాళ్లు మొదలుపెట్టకముందే మానేస్తారు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

ముందు బరువు సంగతి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 16వ వంతుకు తగ్గితే ఘనపరిమాణం 16×16×16, అంటే 4,096వ వంతుకు తగ్గుతుంది. 1960ల చివరి నాటి డ్రాగ్‌స్టర్ సుమారు 600 కిలోలు. ప్రతి భాగాన్నీ అదే లోహంతో, అదే నిష్పత్తి మందంతో చేయగలిగితే మోడల్ 150 గ్రాములకు మించదు. చేతిలోకి తీసుకుంటే మాత్రం అంతకంటే చాలా బరువు తోస్తుంది. అసలు కారు ఛాసిస్ (గొట్టాలతో అల్లిన చట్రం) గొట్టం గోడ సుమారు 1.5 మి.మీ. ఉంటే, స్కేలు ప్రకారం మనకు 0.1 మి.మీ. గోడ కావాలి. బజారులో దొరికే సన్నని ఇత్తడి గొట్టం గోడ 0.35 మి.మీ. అంతకన్నా పల్చనిది మంట ముందు నిలవదు. బరువు పెరిగేది ఇక్కడే.

మీ ఫొటోలోని కారు ‘స్లింగ్‌షాట్’ రకం. ఇంజన్ ముందు, డ్రైవర్ వెనక ఇరుసుకూ వెనకాల, ఉండేలులో పెట్టిన రాయిలా కూర్చుంటాడు. అమెరికాలో పావు మైలు, అంటే 402 మీటర్ల దూరాన్ని ఈ కార్లే ఏలాయి. 1970లో లాంగ్ బీచ్‌లోని లయన్స్ స్ట్రిప్‌లో పేరున్న డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ కారు ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంలో సగం పోయింది. 1971లో ఆయన ఇంజన్‌ను వెనక్కి మార్చిన కారుతో వచ్చి గెలిచాక స్లింగ్‌షాట్ల కాలం ముగిసింది. మోడల్ చేసేవారికి ఈ తేదీలు అక్కరకొస్తాయి. 1968 నాటి ఛాసిస్ మీద 1975 నాటి టైర్లు, గొట్టాలు పెడితే తెలిసినవారి కన్ను మొదట అక్కడే పడుతుంది.

ఈ కారుకు బాడీ కంటే ఎముకల గూడే ముఖ్యం. ఛాసిస్ అంతా బయటికే కనిపిస్తుంది, తప్పు దాచడానికి చోటు ఉండదు. 16వ వంతు స్కేలు ఎంచుకోవడానికి మంచి కారణం ఉంది. అసలు కారులో ఒకటిన్నర అంగుళాల గొట్టం మోడల్‌లో సరిగ్గా 3/32 అంగుళం, అంటే 2.38 మి.మీ. అవుతుంది. ఒకటింపావు అంగుళాలది 5/64 అంగుళం, దాదాపు 2 మి.మీ. రెండూ రెడీమేడ్‌గా దొరికే కొలతలే. 2.5 మి.మీ. గొట్టమే దొరికితే స్వర్ణకారుల కమ్మచ్చులోంచి (తీగ లాగే రంధ్రాల పలక) లాగి సన్నం చేసుకోవచ్చు. లాగినప్పుడు గొట్టం బిరుసెక్కుతుంది కాబట్టి చీకటి మూలలో మసక ఎరుపు కనిపించేదాకా కాల్చి మెత్తబరచాలి. ఎండలో కాలిస్తే ఆ ఎరుపు కనబడదు, కనబడేసరికి గొట్టం కరిగి కూర్చుంటుంది. 200 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 317.5 మి.మీ. అవుతుంది. ఒక కొలత 24వ వంతు డ్రాయింగు నుంచి, ఇంకోటి 25వ వంతు కిట్ నుంచి తీసుకుంటే తేడా నాలుగు శాతం. 317 మి.మీ.లో అది 13 మి.మీ.కు దగ్గర.

గొట్టాన్ని గొట్టానికి అతికేచోట కొసను చేప నోరులా గుండ్రంగా అరగదీయాలి. ఎదుటి గొట్టానికి సమానమైన వ్యాసమున్న గుండ్రటి సూది ఆకురాయి వాడాలి. టంకం సందులోకి తనంతట తాను పాకుతుంది, సందు 0.05 నుంచి 0.1 మి.మీ. ఉంటేనే. దానికి మించితే టంకం పైన గడ్డకట్టి, లోపల ఖాళీ మిగులుతుంది. అతుకును లైటుకు ఎదురుగా పట్టి చూడండి. వెలుగు సన్నని గీతలా కనిపిస్తే చాలు, చంద్రవంకలా కనిపిస్తే మళ్లీ అరగదీయాలి.

అందరూ దెబ్బతినేది మంట దగ్గర. చాలామంది ఛాసిస్‌ను ఇనుప పలక మీద రెండు కొసలా గట్టిగా బిగించి టంకం పెడతారు. కదలకపోతే వంకర రాదనుకుంటారు. జరిగేది సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఇత్తడి ఒక డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో 19 వంతులు సాగుతుంది. వెండి టంకానికి గొట్టాన్ని 650 డిగ్రీల దాకా తీసుకెళ్తాం. మంట తగిలిన 30 మి.మీ. ముక్క లెక్క వేసినా దాదాపు 0.4 మి.మీ. సాగాలి. కొసలు కదలవు, ఆ వేడిలో ఇత్తడి మైనంలా మెత్తగా ఉంటుంది. అందుకే గొట్టం పొడవు పెరగలేక ఉన్నచోటే నొక్కుకుపోతుంది. చల్లారాక అంతకంటే పొట్టిగా మిగిలి పక్క గొట్టాలను లాగుతుంది. బిగింపు విప్పగానే ఛాసిస్ మెలి తిరుగుతుంది. కాబట్టి ఒక కొసనే బిగించాలి, రెండో కొస గాడిలో జారేలా ఉండాలి. మధ్యలో స్టెయిన్‌లెస్ పిన్నులతో పక్కలకు ఆపితే సరిపోతుంది, స్టెయిన్‌లెస్‌కు టంకం తేలిగ్గా అంటదు. కింద ఇనుప పలక వద్దు, అది వేడిని తాగేస్తుంది. బొగ్గు దిమ్మో, కొలిమి ఇటుకో వాడాలి. ఎడమ పక్క ఒక అతుకు పెట్టాక కుడివైపు దానికి జోడీగా ఉన్న అతుకు పెట్టాలి. ఒకే పక్క వరసగా పెట్టుకుంటూ పోతే ఛాసిస్ అరటికాయలా వంగుతుంది.

దగ్గర దగ్గరగా ఉన్న అతుకులకు కరిగే వేడిని బట్టి వరస పాటించాలి. వెండి టంకాలు రకాన్ని బట్టి సుమారు 620 నుంచి 750 డిగ్రీల మధ్య పారతాయి. ఎక్కువ వేడి కోరేదాన్ని మొదట, తక్కువదాన్ని తర్వాత, చిన్న బ్రాకెట్లకు 183 డిగ్రీలకే కరిగే తగరం-సీసం టంకం అన్నిటికంటే చివర. ఈ వరస తలకిందులు చేయకూడదు. సీసం అంటిన చోట మళ్లీ వెండి టంకానికి మంట పెడితే సీసం ఇత్తడిని తినేసి గుంటలు పెడుతుంది, ఆ ముక్క ఇక పనికిరాదు. ముందు పెట్టిన అతుకు మళ్లీ కరగకూడదంటే కావి పొడిని నీళ్లలో కలిపి దాని మీద పూయండి. మెత్తని టంకం పారకుండా పెన్సిల్ గీత కూడా ఆపుతుంది. వెండి టంకం కొనేటప్పుడు క్యాడ్మియం లేనిదని అడిగి తీసుకోవాలి. క్యాడ్మియంతో అతికే కేడీఎం బంగారం ఎందుకు పోయిందో తెలిసినవారికి ఆ పొగ ఎంత చెడ్డదో చెప్పక్కర్లేదు. మామూలు టంకమైనా కిటికీలు తెరిచే పెట్టాలి.

రెండు కొసలూ మూసుకుపోయే ప్రతి గొట్టానికీ కనబడని వైపు 0.5 మి.మీ. రంధ్రం వేయాలి. లేకపోతే లోపలి గాలి వేడికి ఉబ్బి, కరిగిన టంకాన్ని బయటికి ఊదేస్తుంది. టంకం పారడానికి పూసే వెలిగారం, తర్వాత ముంచే యాసిడ్ లోపల చిక్కితే కొన్ని నెలలకు పెయింట్‌లోంచి తెల్లగా, పచ్చగా పైకొస్తాయి.

మరో సంగతి గట్టిగా చెప్పాలి. గిన్నెలకు కళాయి వేసేవారు నవాసారం వాడతారు, అది చూసి మోడల్‌కు కూడా వాడేవాళ్లున్నారు. గిన్నెకు సరే. వంచిన ఇత్తడి గొట్టానికి మాత్రం అది చేటు. నవాసారంలో ఉన్నది అమోనియా లవణం. వంపులో బిగువు మిగిలి ఉన్న ఇత్తడికి అమోనియా తగిలితే నెలల తర్వాత, ఎవరూ ముట్టుకోకుండానే నిట్టనిలువునా పగులు వస్తుంది. అమోనియా ఉన్న మెరుగు ద్రవాలతో రుద్దినా అంతే. వెండి టంకానికి వెలిగారం చాలు. వంచిన గొట్టాలను 250 నుంచి 300 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచితే లోపలి బిగువు పోతుంది. లేత్ పనికి అమ్మే ఇత్తడి కడ్డీలో రెండు మూడు శాతం సీసం కలిపి ఉంటుంది. తిప్పడానికి హాయిగా ఉంటుంది గానీ, వంచబోతే విరుగుతుంది.

టంకం అయ్యాక పదో వంతు సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచాలి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చింతపండు గుజ్జు కూడా పని చేస్తుంది, కాస్త ఆలస్యంగా. ముక్కను ఇనుప శ్రావణంతో తీస్తే యాసిడ్‌లో కరిగిన రాగి ఇత్తడి మీద గులాబీ పూతగా దిగుతుంది. రాగిదో, ప్లాస్టిక్‌దో వాడండి.

ఇంజన్ సంగతికొస్తే, ఆ కార్లలో ఎక్కువగా కనిపించేది 392 క్యూబిక్ అంగుళాల క్రైస్లర్ హెమీ. సిలిండర్ల మధ్య దూరం 4.5625 అంగుళాలు, మోడల్‌లో 7.24 మి.మీ. ఒక రంధ్రం నుంచి తర్వాతి రంధ్రానికి కొలుచుకుంటూ పోతే పొరపాటు పోగవుతుంది. ఒకే అంచు నుంచి 0, 7.24, 14.49, 21.73 అని గుర్తులు పెట్టాలి. 426 హెమీ అయితే ఈ దూరం 7.62 మి.మీ. ప్లగ్గులకు కరెంటు ఇచ్చే మాగ్నెటో 392లో వెనక, 426లో ముందు. చాలా మోడళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. ప్లగ్ వైర్లు 0.5 మి.మీ. ఉండాలి, 1-8-4-3-6-5-7-2 వరసలో కలపాలి.

పైకి, వెనక్కి వంగిన ఎనిమిది ఎగ్జాస్ట్ గొట్టాలకు 1/8 అంగుళం గొట్టం సరిపోతుంది. ముందు కాల్చి మెత్తబరచాలి, పూర్తిగా చల్లారాక పొడి ఉప్పు దట్టించి, కొసలకు చెక్క మేకులు కొట్టి ఒకే అచ్చు మీద వంచాలి. తర్వాత నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోతుంది. ఉప్పు నింపాక మంట చూపొద్దు, తేమ ఆవిరై గొట్టం పేలుతుంది. పది చేసి బాగా కలిసిన ఎనిమిదిని ఎంచుకోవడం మంచిది. అల్యూమినియం హెడ్‌కు ఇత్తడి గొట్టం టంకంతో పట్టదు కాబట్టి చిన్న మరలతో బిగించాలి.

ఇంజన్‌లోకి గాలిని నెట్టే సూపర్‌ఛార్జర్ బెల్ట్‌కు చాలామంది ప్రింటర్లలో ఉండే ఎంఎక్స్‌ఎల్ పళ్ల బెల్ట్ వేస్తారు. దాని పళ్ల మధ్య దూరం 2.03 మి.మీ. అసలు కారు బెల్ట్‌కు అర అంగుళం, మన స్కేలులో 0.79 మి.మీ. ఎంఎక్స్‌ఎల్ బెల్ట్ వేస్తే కారుకు ట్రాక్టర్ గొలుసు తగిలించినట్టుంటుంది. 5 మి.మీ. మర పిచ్ (చుట్ల మధ్య దూరం) 0.8 మి.మీ. ఆ మరను సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద గట్టిగా దొర్లిస్తే సరైన పళ్లు పడతాయి. పట్టీ వెడల్పు 4.8 మి.మీ. పుల్లీకి 40 పళ్లయితే పిచ్ వ్యాసం 10.2 మి.మీ. ముందు 40 గాట్లు పెట్టి, తర్వాతే అదే సైజు ట్యాప్‌తో (మరచుట్లు కోసే పనిముట్టు) పళ్లు దిద్దాలి. గాట్లు లేకుండా ట్యాప్ ఆనిస్తే 41 పళ్లో 42 పళ్లో పడి చివర సగం పన్ను మిగులుతుంది.

ముందు చక్రాల ఆకులకు గిటార్ మొదటి తీగ, 0.23 మి.మీ.ది, వాడొచ్చు. రిమ్‌నూ హబ్‌నూ ఒకే పలక మీద బిగించి, ఎదురెదురు ఆకులు జతలుగా వేయకపోతే రిమ్ కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

బాడీకి 0.3 మి.మీ. అల్యూమినియం రేకు వాడాలి. అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగిపోతుంది. అందుకని కాల్చి మెత్తబరిచేటప్పుడు ముందు సబ్బు రుద్ది, ఆ గీతలు నల్లబడగానే మంట ఆపాలి. అచ్చుకు కొండపల్లి బొమ్మల పొణికి కర్ర తేలికైనదే గానీ సుత్తి దెబ్బకు సొట్టలు పోతుంది, టేకు వాడండి. నికెల్, క్రోమ్ పూత ఇంట్లో ప్రయత్నించొద్దు, ఆ ద్రావణాలు విషం. పూతకు ఇచ్చేముందే మెరుగు పెట్టి, చిన్న మరలను మైనంతో మూసి పంపాలి.

ఇందులో ఏ పనికీ పెద్ద యంత్రం అక్కర్లేదు. బల్ల మీద పట్టే లేత్, ఊదుగొట్టం, కమ్మచ్చు, ఆకురాళ్లు చాలు. లేత్ తప్ప మిగతావన్నీ నగలు చేసే ఏ వీధిలోనైనా ఉంటాయి. కరీంనగర్‌లో వెండి తీగతో ఫిలిగ్రీ చేసేవారి చేతికి ఈ అతుకులు కొత్తేమీ కావు. వాళ్లు అతికే తీగ మన గొట్టం కంటే సన్నం. మొదలుపెట్టేవారు కారు జోలికి వెళ్లకుండా మిగిలిపోయిన గొట్టంతో నాలుగు అతుకులు పెట్టి, ఒకదాన్ని సన్న రంపంతో నిలువునా కోసి చూడాలి. లోపలి దాకా తెల్లని గీత ఉంటే టంకం పారినట్టు. నల్లని ఖాళీ కనిపిస్తే అరగదీయడం దగ్గరికే మళ్లీ వెళ్లాలి.

బరువు లెక్కను మాత్రం వచ్చే ఆదివారం సవరించి వేయగలరని కోరుతున్నాం.

ఇట్లు,
లోహపు మోడళ్లు చేసే మిత్రులం,
సికింద్రాబాద్