పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసుకునేవాళ్లకి

అందరికీ నమస్తే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, అలాగని పాత ల్యాప్‌టాప్‌ని దయచేసి పాత సామాన్లవాళ్లకి ఇచ్చేయకండి, 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) దాంట్లో హాయిగా నడుస్తుంది, పైసా ఖర్చు లేదు.

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మింట్ ఐఎస్ఓ ఫైల్‌ని (మింట్ మొత్తం ఉండే ఒకే పెద్ద ఫైల్) ఊరికే కాపీ చేస్తే ల్యాప్‌టాప్ దాన్నుంచి బూట్ అవ్వదు, అంటే స్టార్ట్ అవ్వదు, రూఫస్ లేదా ఎచర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించాలి, అప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా పోతుంది. తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే చాలావాటికి ఎఫ్12 టకటకా నొక్కండి (హెచ్‌పీ అయితే ఎఫ్9), బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు కనిపిస్తుంది, దాన్ని ఎంచుకోండి.

మింట్ డెస్క్‌టాప్ రాగానే ఇన్‌స్టాల్ నొక్కేయకండి. అది ఇంకా పెన్‌డ్రైవ్ మీదే నడుస్తోంది, మీ డిస్క్‌ని ముట్టుకోలేదు, కాబట్టి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ తీరిగ్గా చూసుకోండి. మా నాన్నగారి ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తే కనపడలేదు, నాకైతే టెన్షన్ వచ్చేసింది, ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాక (ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి వస్తుంది) వైఫైకి కావాల్సిన డ్రైవర్ మింట్‌లోని డ్రైవర్ మేనేజర్‌లోనే దొరికింది.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే 'ఎరేజ్ డిస్క్' ఎంచుకుంటే విండోస్‌తో పాటు పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పోతాయి. ముందు వేరే హార్డ్‌డిస్క్‌లో దాచుకుని, రెండు ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే ముందుకెళ్లండి. ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్ ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, రాత్రి తొమ్మిది తర్వాత నేను చూస్తాను.